ఆరో తరగతి హాజరు పట్టీ

మా బడిలో పదో తరగతి పిల్లలు పరీక్షలకు వెళ్ళే ముందు హాల్ టికెట్ల ప్రార్థన ఉంటుంది. చాపెల్లో ముందున్న బల్ల మీద తెల్ల గుడ్డ పరుస్తాం. పిల్లలు వరుసగా వచ్చి హాల్ టికెట్టు, దాని మీద ఒక పెన్ను పెట్టి వెళ్తారు. పాస్టరు గారు వాటి మీద చేతులు చాపి ప్రార్థన చేస్తుంటే, వెనక బెంచీల్లో తల్లులు తల మీద కొంగు కప్పుకుని కళ్ళు తుడుచుకుంటుంటారు. వాళ్ళలో సగం మందికి పైగా క్రైస్తవులు కారు. నుదుట బొట్టుతో వచ్చినవాళ్ళూ, బురఖాలో వచ్చినవాళ్ళూ చివర్లో ఆమెన్ అంటారు. ముప్పై ఒక్కేళ్ళుగా ఇక్కడ తెలుగు చెబుతున్నాను. ఆ ఆమెన్ వినపడగానే ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

ఈసారి ప్రార్థన అయ్యాక ఒక తండ్రి నన్ను వరండాలో ఆపాడు. ఆటో నడుపుతాడు. ఖాకీ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది.

“మేడమ్, ఏమీ అనుకోకండి. బైపాస్ దగ్గర కొత్త స్కూల్లో పిల్లలకి 590 దాటుతున్నాయంట. మావాడికి 450 వస్తే గొప్ప. మరి ఐదేళ్ళు మిషన్ స్కూల్లో చదివినందుకు వాడికి ఏమొచ్చినట్టు?”

ఆ మనిషి కోపంగా అడగలేదు. ఇంటర్ ఫీజుల టెన్షన్ ఆ ముఖంలో కనపడుతూనే ఉంది. నేను క్రమశిక్షణ, విలువలు, దైవభయం అని వార్షికోత్సవంలో చెప్పే మాటలేవో చెప్పాను. ఆయన మర్యాదగా తలూపి వెళ్ళిపోయాడు. ఆయన అడిగినదానికి అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

నేనూ మిషన్ స్కూలు పిల్లనే. మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా తాత తోళ్ళు ఊనేవాడు. ఇంటి వెనక లందలో, అంటే తోళ్ళు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క నానుతుండేది. ఆ వాసన మా బట్టలకీ జుట్టుకీ పట్టి ఉండేది. మా పల్లెలో ఒకప్పుడు మిషన్ వాళ్ళ చిన్న బడి ఉండేదట. పగలు పిల్లలకూ రాత్రి పెద్దలకూ పాఠం, ఆదివారం అదే పాకలో ఆరాధన. అక్కడి పంతులు గారు వెళ్ళిపోయాక పాక కూలిపోయింది. మా నాన్న కాలానికి బడి లేదు, ఆయనకు అక్షరం లేదు. 1978లో ఆరో తరగతికి నన్ను టౌన్లో బోర్డింగ్‌లో చేర్చారు. రేకు పెట్టె, సత్తు కంచం, రెండు జతల బట్టలు. సాయంత్రాలు గోధుమ నూక ఉప్మా. ఆ ఉప్మా రుచి గురించి నా తోటివాళ్ళు ఇప్పటికీ ఫిర్యాదు చేస్తారు. నాకు మాత్రం రోజూ కడుపు నిండటం అక్కడే మొదలైంది.

మా బోర్డింగ్ అమ్మగారు పెట్టిన ఒక పద్ధతి గురించి చెప్పాలి. నెలలో మొదటి శనివారం అమ్మానాన్నలు చూడటానికి వచ్చేవాళ్ళు. వేపచెట్టు కింద ఈతచాప పరిపించి, తొమ్మిది పది తరగతుల ఆడపిల్లల్ని వరసగా కూర్చోబెట్టేవారు. వచ్చిన తల్లులు ఇంట్లో ఉన్న కాగితాలు కొంగున ముడేసుకుని తెచ్చుకునేవాళ్ళు. రేషన్ కార్డు, శిస్తు రసీదు, మిలిటరీలో ఉన్న కొడుకు ఉత్తరం, ఆసుపత్రి చీటీ. మేం చదివి చెప్పాలి. సిగ్గుపడి గొణిగితే అమ్మగారు వెనక నుంచి, “గట్టిగా చదువమ్మా, ఆమెకి వినపడాలి” అనేవారు. ఒకసారి ఒకామె మందు సీసా తెచ్చింది. దాని మీద పైపూతకు మాత్రమే అని ఉంది. ఆమె దాన్ని పదిరోజులుగా కూతురికి తాగిస్తోంది. చదివిన పిల్ల చేతులు వణికిపోయాయి. అమ్మగారు వెంటనే ఆ తల్లినీ బిడ్డనూ జట్కా ఎక్కించి మిషన్ ఆసుపత్రికి పంపారు. ఆ బిడ్డ బతికింది. ఆ సీసా చదివిన పిల్ల తర్వాత నర్సు ట్రైనింగ్‌కి వెళ్ళింది.

1983 ఏప్రిల్లో పదో తరగతి అయిపోయింది. రేకు పెట్టె సర్దుకుంటుంటే అమ్మగారు వచ్చి, “ఇంటికెళ్ళాక మీ నాన్న వేలిముద్ర వేసే ప్రతి కాగితం నువ్వు చదువు” అన్నారు. ఆమె నాకు ఇచ్చిన సర్టిఫికెట్ అదే అనుకుంటాను.

మే నెలలో అప్పిచ్చినాయన మా ఇంటికి వచ్చాడు. ప్రోనోటుకు మూడేళ్ళే గడువు. అది దాటేలోగా తిరగరాయించుకోవాలి. నాన్న వాకిట్లో గొంతుక్కూర్చుని, ఎడమ బొటనవేలికి సిరా పూయించుకున్నాడు. నేను గడపలో నిలబడి, “నాన్నా, ఆగు. చదువుతాను” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాత నోటు తీసుకుని గట్టిగా చదివాను. నాన్న తీసుకుంది మూడు వందలు. నోట్లో ఎనిమిది వందలు అని ఉంది. అక్షరాల్లోనూ అంకెల్లోనూ.

నాన్న వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ నీలం సిరా ఆరిపోవడం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

న్యాయం జరిగిందని చెప్పలేను. పెద్దమనుషులు కూర్చుని ఐదు వందలకు తెంచారు. దూడను అమ్మి కట్టాం. కానీ ఆ తర్వాత మా పల్లెలో ఎవరూ నన్ను పిలవకుండా వేలిముద్ర వేయలేదు. ఎండాకాలం సెలవులన్నీ నాకు అదే పని. పక్క పల్లె నుంచి కూడా కాగితాలు మోసుకొచ్చేవాళ్ళు. మా అమ్మ వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, నేను చదువుతుంటే పక్కనే నిలబడి వినేది. ఆమెకు అర్థమయ్యేది తక్కువ. నన్ను చూడటానికి నిలబడేది.

దోర్నకల్ బిషప్పు అజరయ్య గారి గురించి పెద్దవాళ్ళు ఒక సంగతి చెబుతారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయన. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న పల్లె జనం చేత సొంత తల మీద సొంత చెయ్యి పెట్టించి, “అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ” అని పలికించేవారట. చదువు రాని కూలివాళ్ళ చేత, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళ చేత. నీకు దొరికింది నీ దగ్గరే ఆగిపోతే అది నీకే కష్టం అని వాళ్ళు తమ నోటితో తామే చెప్పుకోవడం అది. వేపచెట్టు కింద మా అమ్మగారు చేయించిందీ అదే.

ఈ ప్రాంతంలో బడి కథ ఎలా మొదలైందో మా పిల్లలకు ప్రతి ఏడూ చెబుతాను. మిషన్ బళ్ళన్నీ ఒకే ఆలోచనతో పుట్టలేదు. మచిలీపట్నంలో నోబుల్ దొర 1843లో తెరిచిన బడి పై కులాల పిల్లల కోసం మొదలైంది. పైన వెలుగు పడితే అదే కిందికి దిగుతుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మారు. ఒంగోలుకు 1866లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ దొరకీ మొదట్లో ఆ ఆశే ఉంది. పై కులాల వాళ్ళు బడికి పిల్లల్ని పంపారు, ఆయన సంతోషించాడు. ఇంతలో పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో ముందు నడిచినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారి. మా తాత లాంటి మనిషి. అందుకే ఆ పేరు చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు పులకరిస్తుంది. వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు రారని పై కులాల వాళ్ళు దొరకు చెప్పేశారు.

ఆయన తన గదిలో కూర్చుని ఏం చేయాలో తోచక బైబిలు తెరిచాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. మీలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశం వాళ్ళు అనేకులు పిలవబడలేదు, లోకంలో నీచులైనవాళ్ళను, తృణీకరించబడినవాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడు అని పౌలు రాసిన చోటు. లేచి భార్య హారియెట్ దగ్గరకు వెళ్తే, ఆమె కూడా వేరే గదిలో ఇదే బాధతో బైబిలు తెరిచి అదే చోట ఆగి ఉంది. ఇది క్లౌ దొర తానే చెప్పుకున్న సంగతి. ఇద్దరూ తేల్చుకున్నారు. పల్లె జనాన్నే చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు వెళ్ళిపోయారు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అందరికీ తెలుసు, ఒంగోలులో ఏ చర్చిలో అడిగినా చెబుతారు. నాకు మాత్రం అంతకంటే ముందు ఆ ఖాళీ అయిన బడే పెద్ద సంగతి. ఎవరిని ఎవరూ చేర్చుకోరో వాళ్ళ కోసం ఉన్న పిల్లల్ని వదులుకోవడానికి సిద్ధపడిన బడి అది. నేను రేకు పెట్టెతో బోర్డింగ్ మెట్లు ఎక్కగలగడానికి కారణం ఆ రోజులోనే ఉంది.

ఇంత తెలిసి కూడా నేను చేసిన పని ఒకటి ఉంది. అది రాయకపోతే పైన రాసినదంతా అబద్ధం అవుతుంది.

2010లో నేను తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. ఊళ్ళో కొత్త స్కూళ్ళు వచ్చి మా దగ్గర అడ్మిషన్లు పడిపోతున్న రోజులు. పదిలో నూటికి నూరు శాతం రిజల్ట్ రావాలని, బ్యానర్ కట్టాలని మీటింగు పెట్టారు. తప్పేలా ఉన్న పిల్లల పేర్లు ముందే రాసివ్వమన్నారు. వాళ్ళ తల్లిదండ్రుల్ని పిలిచి, నచ్చజెప్పి, టీసీ ఇచ్చి పంపేస్తారు. ఆరు పేర్లు రాశాను. కింద సంతకం పెట్టాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. ఆ కాగితం మీద కూడా బాగానే ఉంది.

మరుసటి ఏడు నూరు శాతం వచ్చింది. బ్యానర్ కట్టారు. ఆ ఆదివారమే సండే స్కూల్లో తొంభై తొమ్మిదింటినీ వదిలి తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్ళిన కాపరి పాఠం వచ్చింది. చెప్పాల్సింది నేనే. చెప్పాను. తప్పిపోయిన గొర్రెను లెక్కలోంచే కొట్టేసి మంద నిండుగా ఉందని చెప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నానని ఆ పిల్లల ముందు అనలేకపోయాను.

ఆ ఆరుగురిలో ఒక అమ్మాయి నాలుగేళ్ళ తర్వాత బస్సులో కనపడింది. పొగాకు గ్రేడింగ్‌కి వెళ్తోంది. నన్ను చూడగానే లేచి, “కూర్చోండి మేడమ్” అని సీటు ఇచ్చింది. వద్దన్నా వినలేదు. పైన కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆ వేళ్ళ చివర్లు పొగాకు జిగురుతో నల్లగా ఉన్నాయి. గోళ్ళ మూలల్లో ఆ నలుపు కడిగినా పోదు. క్షమించమని అడగాలనుకున్నాను. నోరు పెగల్లేదు. దిగే ముందు ఆ పిల్లే అడిగింది.

“మేడమ్, మా చెల్లిని ఎనిమిదిలో చేర్చుకుంటారా? దానికీ లెక్కలు రావు.”

చెల్లి చేరింది. లెక్కలు నిజంగానే రావు. మా లెక్కల మాస్టారు, నేను సాయంత్రాలు కూర్చోబెట్టాం. పదిలో లెక్కలు తప్పింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది. అక్కను ఓపెన్ స్కూల్లో కట్టించాలని చాలా అడిగాను, రాలేదు. “ఇంక నాకెందుకులే మేడమ్” అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ ఏమీ లేదు.

బస్సు దిగిన ఆ రోజు తర్వాత అలాంటి లిస్టు మీద నేను మళ్ళీ సంతకం పెట్టలేదు. ఒక ఏడాది నా క్లాసు రిజల్ట్ 91 శాతానికి వచ్చింది. చాలా రోజులు స్టాఫ్ రూములో నాతో సరిగ్గా మాట్లాడలేదు. పర్వాలేదు. క్లౌ దొర బడికి అంతకంటే ఎక్కువే నష్టం వచ్చింది.

ఇక్కడ కొందరు అనుకునేదొకటి చెప్పాలి. క్రైస్తవ బడి అంటే వచ్చినవాళ్ళందరినీ మతంలో కలపడానికే అంటారు. నేను ఏ బిడ్డనూ నీ దేవుణ్ణి వదులుకోమని అడగలేదు. బంగారు వాక్యాల పోటీలో రెండేళ్ళు వరసగా ఫస్టు వచ్చింది ఒక ముస్లిం అమ్మాయి. ప్రేమ దీర్ఘకాలము సహించును అనే అధ్యాయం మొత్తం తడుముకోకుండా చెప్పేది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నే కూర్చోబెట్టి ఒప్పజెప్పించుకునేవాడట. మంచి మాట ఎక్కడున్నా మంచి మాటే కదమ్మా అన్నాడు నాతో. నేను అందరినీ అడిగింది ఒక్కటే, పక్కన కూర్చున్నవాణ్ణి వదలొద్దని. నా మట్టుకు నాకు అది యేసయ్య దగ్గర నేర్చుకున్న మాట. వాళ్ళు దాన్ని ఎవరి పేరు మీద పట్టుకెళ్ళినా పట్టుకెళ్ళాలి.

ఇక వీడ్కోలు సభ సంగతి. హాల్ టికెట్ల ప్రార్థన తర్వాత వారం జరిగింది. రంగు కాగితాలు, బెలూన్లు, తొమ్మిదో తరగతి పిల్లల డాన్సు. టెన్త్ పిల్లలు కొందరు సాక్ష్యం చెప్పారు. దేవుడు నాకు మంచి ర్యాంకు ఇస్తే ఆయన్ని మహిమపరుస్తాను అని ఒక అబ్బాయి అన్నాడు. మంచి పిల్లాడు. ఆ మాట వాడిది కాదు, మా పెద్దవాళ్ళ ప్రార్థనల్లో విని నేర్చుకున్నది. దేవుడితో బేరం నేర్పింది మేమే.

నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ప్రతి ఏడూ ఏదో ఒక పద్యం చదివి దీవించి కూర్చుంటాను. ఈసారి బీరువాలోంచి ఐదేళ్ళ కిందటి హాజరు పట్టీ తెచ్చుకున్నాను. వీళ్ళు ఆరో తరగతిలో చేరినప్పటిది. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి. “హాజరు పిలుస్తాను, పలకండి” అన్నాను. పిల్లలు నవ్వారు. ప్రెజెంట్ మేడమ్, ప్రెజెంట్ మేడమ్ అని చిన్నపిల్లల్లా అరుస్తూ పలికారు. వెనక తల్లిదండ్రులూ నవ్వుతున్నారు.

ఏడో నంబరు పేరు చదివాను. ఎవరూ పలకలేదు.

నేను ఆగాను. హాలంతా నెమ్మదిగా నిశ్శబ్దం అయింది. మధ్య బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “ఇటుక బట్టీకి వెళ్ళారు మేడమ్, వాళ్ళమ్మ వాళ్ళతో” అంది. ఆ పేరు ఎదురుగా రాసుకుని ముందుకు వెళ్ళాను. పన్నెండో నంబరుకు పెళ్ళి అయిపోయింది. ఆ మాట చెప్పిన పిల్ల తల దించుకునే చెప్పింది. పంతొమ్మిది చీమకుర్తి క్వారీ దగ్గర టీ కొట్టులో ఉన్నాడు. ఇరవై మూడు వేరే బడికి మారి బాగా చదువుతున్నాడట, ఆ మాటకు అందరం చప్పట్లు కొట్టాం. ఇరవై ఎనిమిదికి జబ్బు చేసి ఇంట్లోనే ఉంటోంది. మొత్తం 46 పేర్లు. హాల్లో ఉన్నది 40 మంది. ఐదుగురి సంగతి ఎవరో ఒకరు చెప్పారు.

ముప్పై ఒకటో నంబరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు. చురుకైన పిల్లాడు, పద్యం రాగం తీసి పాడేవాడు. ఏడో తరగతి సగంలో మానేశాడు. ఎందుకో మేమూ కనుక్కోలేదు. ఆ మాట మైకులోనే చెప్పాను. పట్టీ మూసి, “మీరు నలభై మందీ పరీక్షలు బాగా రాయండి. రాసే ముందో రాశాకో, ఈ ఆరుగురిలో ఒకరి ఇంటికి వెళ్ళండి” అని కూర్చున్నాను. చప్పట్లు రాలేదు. పాస్టరు గారు ముగింపు ప్రార్థనలో ఆ ఆరు పేర్లూ గుర్తుపెట్టుకుని ఒక్కొక్కటిగా పలికారు.

బిర్యానీ పొట్లాలు అయిపోయాక ముగ్గురు అబ్బాయిలు స్టాఫ్ రూముకు వచ్చారు. ముప్పై ఒకటో నంబరు ఊరి పేరు కావాలన్నారు. అడ్మిషన్ రిజిస్టరు తీయించి, ఊరు, తండ్రి పేరు ఒక చీటీ మీద రాసిచ్చాను. పన్నెండు కిలోమీటర్లు. పరీక్షలయ్యాక వెళ్ళొచ్చు కదరా అంటే, “చీకటి పడకముందే వచ్చేస్తాం మేడమ్” అన్నారు.

కిటికీలోంచి చూశాను. గేటు బయట వేపచెట్టు కింద ఆ ఖాకీ చొక్కా తండ్రి కొడుకు కోసం ఎదురుచూస్తూ ఆటో ఆపుకుని ఉన్నాడు. ఆ ముగ్గురూ వెళ్ళి చీటీ చూపించారు. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, పెదాలు కదుపుతూ ఊరి పేరు చదువుకున్నాడు. తర్వాత సీటు మీదున్న సామాను పక్కకు జరిపి, కొడుకును తన పక్కన ముందు కూర్చోబెట్టుకుని, మిగతావాళ్ళను వెనక ఎక్కమన్నాడు.